దెబ్బ తగిలిన తరువాత మోచేయి ఎందుకు బిగుసుకుపోతుంది?

ఎముక అతికింది, పిండికట్టు విప్పారు. అయినా చెయ్యి వంగదు. అన్నం ముద్ద నోటిదాకా రాదు, తల దువ్వుకోవడం కుదరదు. అప్పుడు ఇంటివారు అడిగే మాట ఒకటే: "సిస్టర్, తైలం రాసి గట్టిగా తోమిస్తే వదులవుతుంది కదా?" కాదు. దానివల్ల మరింత బిగుసుకుపోవచ్చు.

కారణాలు

మోచేయి కీలులో మూడు ఎముకలు చాలా దగ్గరగా అమరి ఉంటాయి. వాటి చుట్టూ పలుచని పొర ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలితే లోపల రక్తం చేరి, వాపు వచ్చి, ఆ పొర మందమై ముడుచుకుపోతుంది. 3 వారాలకు మించి కదపకుండా ఉంచితే బిగువు ఇంకా పెరుగుతుంది. కీలులోని ఎముక వంకరగా అతికినా చెయ్యి ఒకచోట ఆగిపోతుంది.

మరొక కారణం, దెబ్బ తిన్న కండరంలో కొత్తగా ఎముక పెరగడం. దీనిని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. గట్టిగా మర్దన చేయడం, బలవంతంగా వంచడం వల్ల ఈ ప్రమాదం ఎక్కువవుతుంది.

చికిత్స

కట్టు ఉన్నప్పుడే వేళ్ళు, భుజం కదుపుతూ ఉండాలి. డాక్టరుగారు అనుమతించిన రోజు నుండి మోచేతిని రోగే స్వయంగా మెల్లగా వంచాలి, చాపాలి, అరచేతిని పైకీ కిందికీ తిప్పాలి. ఒక్కసారే ఎక్కువసేపు చేయడం కంటే, కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదుసార్లు చేయడం మేలు. ముందుగా గోరువెచ్చని గుడ్డతో కాపడం పెడితే నొప్పి తగ్గుతుంది. స్పర్శ తెలియని చోట మాత్రం కాపడం పెట్టకండి. చెయ్యి చాచడానికి ఇసుక సంచి, నీళ్ళ బకెట్టు వేలాడదీయకండి.

మామూలుగా మోచేయి 140 డిగ్రీల వరకు వంగుతుంది. 30 నుండి 130 డిగ్రీల మధ్య కదిలితే రోజువారీ పనులు చాలావరకు జరుగుతాయి. కొందరికి చేతిని మెల్లగా సాగదీసే పట్టీ (స్ప్లింటు) ఇస్తారు. నెలల తరబడి వ్యాయామం చేసినా ఫలితం లేకపోతే ఆపరేషను చేసి బిగిసిన పొరను విడదీస్తారు. ఆ తరువాత కూడా వ్యాయామం తప్పదు.

పిల్లల విషయంలో కంగారు వద్దు. చాలామందికి ఆటపాటలతోనే కొన్ని నెలల్లో కదలిక తిరిగి వస్తుంది.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

పిండికట్టు గానీ నాటుకట్టు గానీ ఉన్నప్పుడు వేళ్ళు చల్లబడినా, తెల్లగా లేక నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. రక్తం అందకపోతే కొద్ది గంటల్లోనే కండరాలు చచ్చిపోయి చెయ్యి శాశ్వతంగా వంకరపోతుంది.

ఇంటివారికి ఒక మాట. జాలిపడి మీరే అన్నం కలిపి తినిపించకండి. డాక్టరుగారు సరేనన్నాక ఆలస్యమైనా, మెతుకులు కింద పడినా ఆ చేతితోనే తిననివ్వండి. రోజూ చేయగలిగిన మంచి వ్యాయామం అదే.