బిడ్డ ఎవరి సొత్తు?

భార్యాభర్తలు విడిపోయినప్పుడు నగలను తూచి పంచవచ్చును. ఇంటికి వెలకట్టి పంచవచ్చును. బ్యాంకులోని సొమ్మును లెక్కవేసి పంచవచ్చును. పంచడానికి వీలుకానిది ఒక్కటే ఉన్నది. అది బిడ్డ. విడాకుల వ్యాజ్యాలలో న్యాయమూర్తులకు మిక్కిలి కష్టమైన ఘట్టం అదే. దావా గెలిచినవారికే బిడ్డ దక్కుతుందని, తప్పు చేసినవారికి దక్కదని లోకంలో ఒక అపోహ ఉన్నది. చట్టం అట్లా అనదు. దంపతులలో దోషమెవరిదన్నది ఒక ప్రశ్న. బిడ్డకు క్షేమమెక్కడన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకొనడానికి న్యాయస్థానాలకు చాలా కాలమే పట్టినది.

తెలుగునాట విడాకులు క్రొత్తవి కావు. పెక్కు కులాలలో పెద్దల యెదుట తెగతెంపులు చేసుకొనడం, మారుమనువు చేసుకొనడం పూర్వంనుండి ఉన్నవే. ఆచారంలో విడాకులు లేనివారికి మాత్రం ఆ త్రోవ మూసుకొని ఉండేది. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలో, 1949లో వచ్చిన మద్రాసు చట్టం ఆ తలుపు తెరచినది. ఆపైన 1955లో హిందూ వివాహచట్టం వచ్చినది. అది పాత ఆచారాలను త్రోసిపుచ్చకుండానే, క్రూరత్వం, వ్యభిచారం, రెండేళ్ళకు తగ్గకుండా విడిచిపోవడం మొదలైనవాటిని విడాకులకు కారణాలుగా నేడు అంగీకరిస్తున్నది. ఉభయుల అంగీకారంతో విడిపోయే పద్ధతి 1976లో చేరినది. ఒక సంవత్సరం వేరుగా బ్రతికినవారు కలిసి అర్జీ పెట్టుకొని, మరి ఆరు నెలలు వేచి ఉండవలెను. తగిన కారణముంటే ఆ ఆరు నెలల గడువును న్యాయస్థానం మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది.

తీర్పుతో దాంపత్యం ముగుస్తుంది. తల్లిదండ్రుల బాధ్యత ముగియదు. పిల్లల పోషణ, చదువు, కస్టడీ అన్న విషయాలలో, వీలయినంతవరకు వారి కోరికను గమనిస్తూ, ఉత్తరువులు చేయవచ్చుననీ, వాటిని అవసరాన్ని బట్టి మార్చవచ్చుననీ ఆ చట్టమే చెప్పుచున్నది. విడాకుల తీర్పు ఒక్కసారి వచ్చేది. బిడ్డనుగురించిన ఉత్తరువు బిడ్డతోపాటు పెరిగేది.

బిడ్డ మనసు తెలుసుకొనవలెనన్న ఈ భావానికి తెలుగువారికి సంబంధించిన ఒక పాత వ్యాజ్యం సాక్ష్యమిస్తున్నది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందను తండ్రి నారాయణయ్య 1910లో అనీబిసెంటు సంరక్షణకు ఒప్పగించినాడు. తరువాత మనసు మారి, 1912లో కుమారులను తిరిగి ఇప్పించవలసినదిగా దావా వేసినాడు. మద్రాసు హైకోర్టులో తండ్రి గెలిచినాడు. అప్పటికి పిల్లలు ఇంగ్లండులో చదువుకొనుచున్నారు. 1914లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసినది. తండ్రి తన అధికారాన్ని ఇతరులకు అప్పగించినా తిరిగి తీసుకొనవచ్చునని అది ఒప్పుకొన్నది. కాని ఆ పిల్లలు వ్యాజ్యంలో కక్షిదారులే కారు. వారి క్షేమాన్నిగాని ఇష్టాన్నిగాని విచారించినవారు లేరు. అట్టి స్థితిలో వారిని సముద్రం దాటించి తెమ్మని ఉత్తరువు చేయడం తగదని తేల్చినది. పెద్దలిద్దరి వాదనలు విని, ఎవరిని గురించి వాదమో వారిని వినకుండుట న్యాయం కాదన్నమాట.

ఆ సూత్రానికి ఆధారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. అన్ని మతాలవారికీ వర్తించే ఈ చట్టం, మైనరు క్షేమాన్ని చూడవలెనని, తెలివితో ఎంచుకొనగల వయసు వచ్చిన బిడ్డ ఇష్టాన్ని లెక్కలోనికి తీసుకొనవచ్చునని చెప్పినది. హిందువుల విషయంలో 1956లో మరొక చట్టం వచ్చి, మైనరు క్షేమమే సర్వోపరి అన్నది. ఇక్కడ ఒక భేదం గమనింపదగినది. సంరక్షకత్వం వేరు, కస్టడీ వేరు. బిడ్డ తరఫున సంతకం చేసే అధికారం మొదటిది; బిడ్డను తన వద్ద ఉంచుకొని పెంచడం రెండవది. అయిదేళ్ళు నిండని బిడ్డ సామాన్యంగా తల్లి వద్దనే ఉండవలెనన్న ఆ చట్టమే, సహజ సంరక్షకుడు తండ్రి, అతని ‘తరువాత’ తల్లి అని కూడా వ్రాసినది. పెంచేది తల్లి, సంతకం తండ్రిది!

ఆ ‘తరువాత’ అన్న ఒక్క మాటపై పెద్ద వ్యాజ్యం నడచినది. రచయిత్రి గీతా హరిహరన్ కుమారుని పేర రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు పెట్టగా, తండ్రి సంతకం కావలెనని బ్యాంకు అడిగినది. 1999లో సుప్రీంకోర్టు ఆ మాటకు ‘తండ్రి మరణించిన తరువాత’ అని కాక ‘తండ్రి లేని పక్షంలో’ అని అర్థం చెప్పినది. తండ్రి జీవించి ఉండియు బిడ్డను పట్టించుకొననప్పుడు తల్లియే సంరక్షకురాలు కావచ్చును. ఒక పదానికి అర్థం మారితే ఎందరి బ్రతుకులు మారగలవో భాష చదివే విద్యార్థులకు ఇంతకన్న మంచి నిదర్శనం దొరకదు.

క్షేమమనగా కేవలం ధనం కాదు. ఎవరి జీతం ఎక్కువ, ఎవరి ఇల్లు పెద్దది అన్నవాటితో పని తీరదు. చదువు, ఆరోగ్యం, అనురాగం, అలవాటైన పరిసరాలు, శీలం ఏర్పడే వాతావరణం, అన్నీ అందులో చేరుతవి. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కారు, ఆటవస్తువులు కారని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పినది. తల్లిదండ్రులిద్దరి ప్రేమనూ పొందే హక్కు బిడ్డది అని 2020లో మరొక తీర్పులో అన్నది. అందుచేతనే ఒకరికి కస్టడీ ఇచ్చినా, రెండవవారికి చూచిపోయే అవకాశం సాధారణంగా కల్పిస్తారు. బిడ్డను చూడనీయకపోవడం ఎదుటివారికి శిక్ష అనుకొనేవారు, ఆ శిక్ష బిడ్డకే పడుతున్నదని మరచిపోతున్నారు.

ఈ వివాదాల నీడ పాఠశాల రిజిస్టరు మీద కూడా పడుతుంది. భర్త మరణించగా పునర్వివాహం చేసుకొన్న ఒక తెలుగు తల్లి తన బిడ్డకు రెండవ భర్త ఇంటిపేరు పెట్టినది. పూర్వపు ఇంటిపేరే ఉంచవలెనని, రికార్డులలో రెండవ భర్తను సవతి తండ్రిగా చూపవలసి ఉంటుందని హైకోర్టు ఆదేశించినది. 2022లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆ తల్లిదేననీ, అట్టి వ్రాత బిడ్డ ఆత్మగౌరవాన్ని గాయపరుస్తుందనీ చెప్పినది.

తగవు పడినవారిని కలపడానికి ముందుగా ప్రయత్నించవలెనని 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం విధించినది. అక్కడ కక్షిదారులు కోరితే విచారణ రహస్యంగా జరుగుతుంది. న్యాయస్థానం పాటించే ఆ మర్యాద తరగతి గదికీ తగినదే. విడిపోయిన ఇంటినుండి వచ్చిన బిడ్డను నలుగురి మధ్య ‘మీ నాన్న ఏడీ?’ అని ఉపాధ్యాయుడు అడుగరాదు. తల్లిదండ్రులలో ఒకరు వచ్చి, రెండవవారికి బిడ్డను అప్పగించవద్దంటే, మాట కాక న్యాయస్థానపు ఉత్తరువు ప్రతిని అడిగి తీసుకొనవలెను. తాను ఏ పక్షమూ వహింపరాదు. ఇంట్లో రెండు పక్షాల నడుమ నలిగిన పసివానికి, ఎవరి పక్షమూ కాని చోటు ఒక్కటి కావలెను. బడి ఆ చోటు కావలెను.