మూడు నిమిషాల పాట.. ఐదేళ్ల చేతిపని

హెవీ మెటల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది జుట్టు విరబోసుకుని అరవడమే. 'సౌండ్ తగ్గించరా' అని ఇంట్లో తిట్లు తినిపించే పాటలు. కానీ ఆ సంగీతానికి పునాది వేసిన 'పారనాయిడ్' కథ వింటే, మా పెడనలో రోజంతా టేకు అచ్చుతో అద్దకం వేసేవాళ్లకీ, మగ్గం మీద కూర్చునేవాళ్లకీ పెద్ద వింతగా అనిపించదు. అది చేతుల మీద బతికే కుర్రాళ్ల కథ.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. బ్లాక్ సబ్బత్ బ్యాండ్‌లో నలుగురూ అక్కడివాళ్లే. పాడే ఓజీ ఆస్‌బోర్న్ కబేళాలో పనిచేశాడు, కార్ల హారన్లు పరీక్షించే ఉద్యోగమూ వెలగబెట్టాడు. బేస్ గిటారిస్ట్ గీజర్ బట్లర్ లెక్కల పని నేర్చుకునేవాడు. డ్రమ్స్ బిల్ వార్డ్. గిటారిస్ట్ టోనీ అయోమీది రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని.

1965లో టోనీకి 17 ఏళ్లు. ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే, పని పూర్తి చేసి రమ్మని అమ్మ పంపించింది. ప్రెస్ నడిపే మనిషి ఆ రోజు రాకపోవడంతో, అలవాటు లేని ఆ మెషీన్ దగ్గర ఇతన్ని నిలబెట్టారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు చివర్లు తెగిపోయాయి. టోనీ ఎడమచేతి వాటం. అంటే గిటార్ తీగలు నొక్కాల్సింది సరిగ్గా ఆ కుడిచేతి వేళ్లతోనే!

కుమిలిపోతున్న కుర్రాడికి ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలిపోయి, రెండు వేళ్లతోనే తీగలు నొక్కిన గిటారిస్ట్ ఆయన.

ఇక్కడి నుంచే నాలోని ఇంజినీర్‌కి అసలు సరదా. టోనీ ప్లాస్టిక్ సబ్బు బాటిల్‌ని కరిగించి ఉండ చేశాడు. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో వేలికి సరిపడా బెజ్జం పెట్టి, గరుకు కాగితంతో అరగదీశాడు. తీగ మీద జారకుండా పాత జాకెట్ తోలు అంటించాడు. మామూలు తీగలు బిగుతుగా ఉండి నొప్పెడుతుంటే సన్నటి బాంజో తీగలు వేసుకున్నాడు. తర్వాత 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో కొన్ని పాటలకు శ్రుతినే దించేశాడు. తీగ వదులైంది, శబ్దం బరువెక్కింది. ఈ రోజు మెటల్ బ్యాండ్లన్నీ వెంటపడే ఆ బరువులో టోనీ వేళ్ల వాటా తక్కువేం కాదు.

ఇక 'పారనాయిడ్' పుట్టింది 1970 జూన్‌లో, లండన్ స్టూడియోలో. రెండో ఆల్బమ్‌కి ఇంకో పాట తక్కువైంది. మిగతావాళ్లు విరామంలో ఉండగా టోనీ రిఫ్ కట్టాడు, గీజర్ గబగబా మాటలు రాసిచ్చాడు, ఓజీ వాటిని చదువుతూ పాడాడు. అరగంటలో పాట సిద్ధం! ఖాళీ పూడ్చడానికి చేసిన ఆ పాటే సింగిల్‌గా బ్రిటన్‌లో 4వ స్థానానికి ఎక్కింది. 'వార్ పిగ్స్' అని పెట్టాలనుకున్న ఆల్బమ్ పేరును కూడా 'పారనాయిడ్' అని మార్చేశారు. అట్ట మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ మాత్రం పాత పేరుకి వేసిందే, అలాగే ఉండిపోయింది.

ఆ పేరు పాటలో ఒక్కచోటా వినిపించదు. పాట నిజానికి డిప్రెషన్ గురించి. అప్పట్లో తనకు ఆ రెండిటికీ తేడా తెలియదని గీజరే తర్వాత చెప్పాడు. లోపల ఏదో నలిపేస్తోంది, దాన్ని ఏమంటారో తెలియదు. ఫ్యాక్టరీ పేటలో ఎవరికి చెప్పుకుంటాడు? మన దగ్గరా 'ఊరికే దిగులు' అని కొట్టిపారేస్తాం. ఇప్పుడు మాత్రం 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. నంబర్ సేవ్ చేసుకోండి.

విమర్శకులకు మాత్రం ఈ కుర్రాళ్లు ఆనలేదు. అదే ఏడాది వాళ్ల తొలి ఆల్బమ్‌ని 'రోలింగ్ స్టోన్' పత్రిక ఏకిపారేసింది. 2017లో అదే పత్రిక వంద గొప్ప మెటల్ ఆల్బమ్‌ల జాబితా వేసి 'పారనాయిడ్'ని మొదటి స్థానంలో పెట్టింది. 47 ఏళ్లు పట్టింది పాపం! హిట్టయ్యాక బ్యాండ్‌కి ఇంకో తలనొప్పి. టీవీలో చూసి కేకలు పెట్టే కొత్త అభిమానులు పోగయ్యారు. పాప్ బ్యాండ్ అనిపించుకోవడం వీళ్లకు ఇష్టం లేదు. బ్రిటన్‌లో మళ్లీ సింగిల్ వచ్చింది 1972లోనే.

2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో నలుగురూ కలిసి చివరి కచేరీ చేశారు. పార్కిన్సన్స్‌తో నిలబడలేని ఓజీ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. ఆఖరి పాట 'పారనాయిడే'. జులై 22న ఆయన కన్నుమూశాడు, 76 ఏళ్లు. ఆ సాయంత్రం పక్కన గిటార్ వాయించిన టోనీ వేళ్లకి తొడుగులు అలాగే ఉన్నాయి.