ఆంగ్లంలో చిన్న తప్పులు.. దరఖాస్తుల్లో పెద్ద చిక్కులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: సెలవు చీటీ మొదలుకొని ఉద్యోగ దరఖాస్తు వరకు ఆంగ్లంలో నాలుగు వాక్యాలు రాయాల్సి వస్తే పట్టభద్రులు సైతం తడబడుతున్నారు. విషయం తెలిసినా 'ఎ' రాయాలా, 'ఆన్' రాయాలా, కామా ఎక్కడ పెట్టాలి అన్న సందేహాలు వెనక్కి లాగుతున్నాయి. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు ఉండేలా పుస్తకాలు ముద్రించారు. ఆ ఏడాది ఎనిమిదిలో ఉన్నవారు 2025లో పదో తరగతి పరీక్షలు రాశారు. మహబూబాబాద్ జిల్లా తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే చిన్నారులకు తెలుగు రెండో భాష, ఆంగ్లం మూడోది. ఇంటి వద్ద చెప్పేవారు లేని ఇలాంటి విద్యార్థులకు చిన్న సందేహమే పెద్ద అడ్డంకిగా మారుతోంది.

గ్రూప్-1 ప్రధాన పరీక్షలోని జనరల్ ఇంగ్లీషు పేపరు పదో తరగతి స్థాయిదే. దాని మార్కులను ర్యాంకుకు కలపరు. అయితే అందులో అర్హత సాధించకపోతే మిగిలిన పేపర్లలో ఎన్ని మార్కులు వచ్చినా ప్రయోజనం ఉండదు. ఈ నేపథ్యంలో తరచూ ఎదురయ్యే సందేహాలు, వాటి సమాధానాలు ఇలా ఉన్నాయి.

తప్పులు ఎందుకు దొర్లుతున్నాయి?

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఆంగ్లంలో కర్త వెంటనే వస్తుంది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు పదం తర్వాత చేరుతాయి, ఆంగ్లంలో అదే పని చేసే చిన్న పదాలు ముందు నిలుస్తాయి. ఎ, ఆన్, ది అనే పదాలకు తెలుగులో సమానమైనవి లేవు. తెలుగులో ఆలోచించి మాటకు మాట మార్చడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి.

'ఎ' ఎప్పుడు, 'ఆన్' ఎప్పుడు?

దీనిని నిర్ణయించేది అక్షరం కాదు, ఉచ్చారణ. పదాన్ని తెలుగు లిపిలో రాసి చూస్తే చాలావరకు తేలిపోతుంది. అచ్చుతో మొదలైతే 'ఆన్', హల్లుతో మొదలైతే 'ఎ' రాయాలి. గంట అనే అర్థంలోని 'అవర్' ఆంగ్లంలో హెచ్‌తో మొదలైనా పలికేది అకారమే కనుక 'ఆన్ అవర్' అనాలి. 'యూనివర్సిటీ' యకారంతో పలుకుతుంది కనుక 'ఎ యూనివర్సిటీ' సరైనది. ఎమ్మెల్యేకు ముందు 'ఆన్' వస్తుంది. అయితే యాపిల్, యాక్టర్, యాక్సిడెంట్ వంటి వాటిని మనం యకారంతో రాస్తున్నా ఆంగ్లంలో అవి అచ్చుతోనే మొదలవుతాయి. వాటికి 'ఆన్' తప్పనిసరి.

'సిన్స్', 'ఫర్' మధ్య తేడా ఏమిటి?

'2016 నుంచి', 'పదేళ్ల నుంచి' అని తెలుగులో రెండింటికీ ఒకే మాట వాడతాం. చిక్కు ఇక్కడే వస్తోంది. పని మొదలైన సమయం చెబితే 'సిన్స్', గడిచిన కాలం చెబితే 'ఫర్' వాడాలి. 'సిన్స్ 2016', 'ఫర్ టెన్ ఇయర్స్' అన్నది పద్ధతి. ఇప్పటికీ అదే పనిలో ఉంటే 'ఐ యామ్ వర్కింగ్' అని కాకుండా 'ఐ హావ్ బీన్ వర్కింగ్' అని రాయాలి.

'డిడ్ నాట్ వెంట్' అనవచ్చా?

అనకూడదు. గడిచిన కాలాన్ని 'డిడ్' ఒక్కటే సూచిస్తుంది. దాని తర్వాత క్రియ మూల రూపంలో ఉండాలి కనుక 'డిడ్ నాట్ గో' సరైనది. అలాగే 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనడం పొరపాటు. 'నా స్నేహితుల్లో ఒకడు' అని తెలుగులోనూ బహువచనమే వాడతాం కనుక 'ఫ్రెండ్స్' అనాలి. 'గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తుంటారు. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' అవసరం లేదు.

కామా, అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి?

తెలుగు వాక్యాన్ని క్రియే ముగిస్తుంది కనుక పూర్వపు తాళపత్రాల్లో విరామ చిహ్నాల అవసరం అంతగా కనిపించదు. ఇప్పుడు వాడుతున్న కామా, ఫుల్‌స్టాప్ అచ్చుతో పాటు ఆంగ్లం నుంచి వచ్చినవే. ఆంగ్లంలో రెండు పూర్తి వాక్యాలను కామాతో మాత్రమే కలపరాదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా 'అండ్', 'బట్' వంటి పదం చేర్చాలి. 'ఇట్స్' అనే పదాన్ని 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్' అని విడదీయగలిగితేనే అపాస్ట్రఫీ పెట్టాలి. 'దాని' అనే అర్థంలో పెట్టరాదు. దుకాణాల బోర్డులపై 'టిఫిన్స్', 'మొబైల్స్' పదాల్లో ఎస్ ముందు కనిపించే అపాస్ట్రఫీ కూడా అనవసరం. బహువచనానికి అది ఉండదు.

అంకెల్లోనూ కామా స్థానం ముఖ్యమే. మన లెక్కలో పది లక్షలను 10,00,000 అని రాస్తే, విదేశాల్లో 1,000,000 అని రాస్తారు. 05/06/2025 అంటే మనకు జూన్ 5, అమెరికాలో మే 6. విదేశీ దరఖాస్తుల్లో ప్రత్యేక నమూనా అడగనప్పుడు నెల పేరును అక్షరాల్లో రాయడం క్షేమకరం.

మన వాడుక మాటలన్నీ తప్పేనా?

కాదు. ముందుకు జరపడం అనే అర్థంలో భారతీయులు వాడే 'ప్రీపోన్' ఆంగ్ల నిఘంటువుల్లో చోటు సంపాదించుకుంది. కొన్నింటి విషయంలో జాగ్రత్త అవసరం. బస్టాండు వెనుక అనేందుకు 'బ్యాక్‌సైడ్' అంటే విదేశీయులు పిరుదులు అని అర్థం చేసుకుంటారు. 'బిహైండ్ ది బస్ స్టాండ్' అనాలి. డిగ్రీ పూర్తి చేశానని చెప్పేందుకు 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పానని వారికి తోచవచ్చు. 'గ్రాడ్యుయేటెడ్' అనడం మేలు.

పేర్ల స్పెల్లింగుకు నియమం ఉందా?

లేదు. అందుకే ఇబ్బందులు వస్తున్నాయి. జనగామ పేరునే ఆంగ్లంలో చివర 'ఏ ఓ ఎన్' అని కొందరు, 'ఓ ఏ ఎన్' అని మరికొందరు రాస్తున్నారు. మహబూబాబాద్‌లో హెచ్ తర్వాత ఏ పెట్టేవారు, పెట్టనివారు ఉన్నారు. లక్ష్మి పేరును 'ఎక్స్'తోనూ, 'కె ఎస్ హెచ్'తోనూ రాస్తారు. ఊరి పేరు ఎలా రాసినా ఉత్తరం చేరుతుంది. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో మరోలా వ్యక్తి పేరు ఉంటే మాత్రం ధ్రువపత్రాల పరిశీలనలో అభ్యంతరం ఎదురయ్యే అవకాశం ఉంది. ఇక్కడ ఏ స్పెల్లింగు సరైనదన్నది ప్రశ్న కాదు, అన్ని పత్రాల్లో ఒకటే ఉందా అన్నదే ముఖ్యం. పదో తరగతి పరీక్షల నామినల్ రోల్స్ పంపే ముందే విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇనిషియల్‌ను తల్లిదండ్రులు ఒక్కో అక్షరం చొప్పున సరిచూసుకుంటే తర్వాత కార్యాలయాల చుట్టూ తిరిగే అవసరం తప్పుతుంది.