కంప్యూటర్ మనల్ని ఏ పేరుతో పిలుస్తోంది?

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్, మథురాకాటి. నాకు చూపు లేదు. తెర మీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ పెట్టుకుని కంప్యూటర్ వాడతాను. మా పెదనాన్నగారి అబ్బాయి తను వాడిన కంప్యూటర్‌ను నాకిచ్చాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి పేరు మార్చాను. అయినా లాగిన్ అయ్యేటప్పుడు, ఫైళ్ళు తెరిచేటప్పుడు ఇంకా అన్నయ్య పేరే వినిపిస్తోంది. ఎందుకు? ఎవరినీ పిలవకుండా నేనే మార్చుకోవడం ఎలా?

జవాబు: మీరు మార్చిన పేరు మారే ఉంటుంది. విండోస్‌లో పేర్లు నాలుగు చోట్ల ఉంటాయి. మీరు ఒకదాన్ని మార్చారు, వినిపిస్తున్నది ఇంకొకటి.

మొదటిది యంత్రం పేరు. ఇంట్లో వైఫైకి, బ్లూటూత్‌కి, పక్క కంప్యూటర్‌కి మీ కంప్యూటర్ ఈ పేరుతోనే కనిపిస్తుంది. రెండోది లాగిన్ తెర మీద వినిపించే పూర్తి పేరు. మూడోది ఖాతా పేరు. విండోస్ లోపల మిమ్మల్ని గుర్తుపట్టేది దీనితోనే. నాలుగోది సీ డ్రైవ్‌లో ‘యూజర్స్’ కింద ఉండే మీ ఫోల్డర్ పేరు. ఖాతా తెరిచిన రోజున ఏ పేరు పడిందో ఫోల్డర్‌కు అదే నిలిచిపోతుంది. తరువాత మిగతా మూడు మార్చినా అది కదలదు. ఫైళ్ళు తెరిచినప్పుడు మీకు అన్నయ్య పేరు వినిపిస్తున్నది అక్కడినుంచే.

ఖరగ్‌పూర్‌లో పెరిగినవారికి ఇలాంటిది అలవాటే. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి మన పెద్దలు వచ్చి చేరింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో. 1944లో అది ప్రభుత్వం చేతికి వచ్చింది, 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. బోర్డులన్నీ మారాయి. పెద్దవాళ్ళ నోట మాత్రం అది బీఎన్నారే. స్టేషన్ కోడుకు జోన్ పేరుతో పనే లేదు, అది కేజీపీయే. కంప్యూటర్‌లోనూ బోర్డు వేరు, కోడు వేరు.

ముందు ఏ పేరు ఎక్కడ ఉందో వినండి. విండోస్ మీటతో ఆర్ నొక్కి, సీ ఎమ్ డీ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. నల్లని కమాండ్ తెర వస్తుంది. చూపున్నవాళ్ళలో చాలామందికి ఆ తెరంటే బెరుకు. మనకు మాత్రం అంత సుఖమైన చోటు ఇంకొకటి లేదు. బొమ్మలూ మెనూలూ ఉండవు, ఒక మాట అడిగితే ఒక వరుసలో జవాబు వస్తుంది. హెచ్ ఓ ఎస్ టీ ఎన్ ఏ ఎమ్ ఈ అని కొడితే యంత్రం పేరు చెబుతుంది. డబ్ల్యూ హెచ్ ఓ ఏ ఎమ్ ఐ అని కొడితే యంత్రం పేరు, బ్యాక్‌స్లాష్, ఖాతా పేరు వరుసగా వస్తాయి. ఫోల్డర్ సంగతి తెలియాలంటే ఈ సీ హెచ్ ఓ, స్పేస్, పర్సెంట్ గుర్తు, యూజర్‌ప్రొఫైల్ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా, మళ్ళీ పర్సెంట్ గుర్తు కొట్టండి. మాట స్పష్టంగా లేకపోతే నంబర్‌ప్యాడ్‌లో 7తో పై వరుసకు వెళ్ళి, 8ని రెండుసార్లు నొక్కండి, అక్షరం అక్షరం విడదీసి చెబుతుంది. మూడుసార్లు నొక్కితే ఆల్ఫా, బ్రావో అంటూ చెబుతుంది. బీ, డీ, పీ, టీ ఒకేలా వినపడేవారికి ఇది తప్పనిసరి.

ఇప్పుడు యంత్రం పేరు. కొత్తగా విండోస్ వేసినప్పుడు చాలా కంప్యూటర్లకు ‘డెస్క్‌టాప్’ అనే మాట, ఒక హైఫన్, ఆపై అర్థంలేని ఏడు అక్షరాలు తగిలిస్తారు. మొత్తం 15. పాత నెట్‌వర్క్ పద్ధతిలో పేరుకు ఉన్న హద్దు అది, ఇప్పటికీ అదే నడుస్తోంది. కళ్ళతో చూసేవారు చివరి నాలుగు అక్షరాలు చూసి ఏది ఏదో పోల్చుకుంటారు. వినేవారు ప్రతిసారీ ‘డెస్క్‌టాప్’ అనే మాటంతా ఆగి వినాలి, తేడా ఆ తరువాతే వస్తుంది. అందుకే నా సలహా: తేడా తెలిపే మాట పేరులో మొదట ఉండాలి. ఇంట్లో రెండు ఉంటే ‘సీత-లాప్‌టాప్’, ‘వంటిల్లు-పీసీ’ అన్నట్టు పెట్టుకోండి. ‘లాప్‌టాప్-సీత’ అని పెడితే మళ్ళీ అదే తంటా. పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడండి. ఖాళీ పనికిరాదు, ఉత్త అంకెలూ పనికిరావు.

మార్చడానికి సెట్టింగుల్లో ‘సిస్టమ్’, దానిలో ‘అబౌట్’, అక్కడ ‘రీనేమ్ దిస్ పీసీ’ అనే బటన్ ఉంది. ఆ దారి బాగానే ఉంది గానీ, విండోస్ కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా ఆ పేజీలో అమరిక మారుతూ ఉంటుంది. నేను పాత పెట్టెనే ఇష్టపడతాను. విండోస్ ఆర్ నొక్కి, ఎస్ వై ఎస్ డీ ఎమ్, చుక్క, సీ పీ ఎల్ అని కొట్టి ఎంటర్ చేయండి. ‘సిస్టమ్ ప్రాపర్టీస్’ తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక చోట చాలామంది పొరబడతారు. ట్యాబ్ నొక్కగానే మొదట తగిలే ఖాళీ గడి ‘కంప్యూటర్ డిస్క్రిప్షన్’. అది వర్ణన రాసుకునే చోటు. రాసుకోవడానికి గడి దొరికింది కదా అని కొత్త పేరు అందులో కొట్టి ఓకే అంటారు, పేరేమో మారదు. తెర మీద ఆ గడి ఎక్కడుందో చూసేవారికి సందర్భం తెలుస్తుంది, వినేవారికి గడి పేరు ఒక్కటే ఆధారం. కాబట్టి ప్రతి గడి దగ్గరా దాని పేరు పూర్తిగా వినకుండా టైపు చేయకండి. సందేహమొస్తే ఎన్‌వీడీఏ మీటతో ట్యాబ్ నొక్కితే మీరు ఎక్కడున్నారో మళ్ళీ చెబుతుంది.

ఆ గడి వదిలేసి ఆల్ట్ సీ నొక్కండి. ‘ఛేంజ్’ బటన్ పనిచేసి ఇంకో పెట్టె వస్తుంది. అందులో కంప్యూటర్ పేరు గడిలో పాత పేరు మొత్తం ఎంపికై ఉంటుంది. నేరుగా కొత్తది టైపు చేసి, ఎన్‌వీడీఏ మీటతో ట్యాబ్ రెండుసార్లు నొక్కి స్పెల్లింగు విని, ఎంటర్ కొట్టండి. కింద ఉండే డొమైన్, వర్క్‌గ్రూప్ జోలికి వెళ్ళొద్దు. రీస్టార్ట్ చేయాలనే సందేశం వస్తుంది. ఓకే చెప్పి, పెట్టె మూసి, రీస్టార్ట్ చేయండి. అప్పటిదాకా పాత పేరే ఉంటుంది.

ఇలాంటి పనుల మధ్యలో ఒక్కోసారి తెర చీకటై, అనుమతి అడిగే పెట్టె వస్తుంది. విండోస్ దాన్ని మిగతా ప్రోగ్రాములకు అందకుండా వేరే తెర మీద చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన ఎన్‌వీడీఏ దాన్ని చదవగలదు. పెన్‌డ్రైవ్‌నుంచి నడిపే పోర్టబుల్ ఎన్‌వీడీఏ చదవలేదు. గొంతు ఉన్నట్టుండి ఆగిపోతే కంప్యూటర్ చెడిపోయిందని కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉన్న ‘నెరేటర్’ పలుకుతుంది.

ఇక మీ పేరు. మీ ఖాతా మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో ముడిపడి ఉంటే పూర్తి పేరు వాళ్ళ వెబ్‌సైటునుంచి వస్తుంది. అక్కడ మార్చి, కాసేపాగి, లాగవుట్ అయి మళ్ళీ రావాలి. ఈమెయిల్ లేని లోకల్ ఖాతా అయితే విండోస్ ఆర్ నొక్కి ఎన్ ఈ టీ పీ ఎల్ డబ్ల్యూ ఐ జెడ్ అని కొట్టండి. వచ్చిన పెట్టెలో ‘యూజర్స్ మస్ట్ ఎంటర్’ అంటూ ఒక చెక్‌బాక్స్ తగలొచ్చు. దాని మీద స్పేస్ నొక్కితే పాస్‌వర్డ్ అడగడం ఆగిపోయే ప్రమాదం ఉంది, నొక్కకుండా దాటండి. జాబితాలో బాణం మీటతో మీ ఖాతా మీదకు వచ్చి ఆల్ట్ ఓ నొక్కితే ‘ప్రాపర్టీస్’ వస్తుంది. అందులో ‘యూజర్ నేమ్’, ‘ఫుల్ నేమ్’ గడులు ఉంటాయి. మీకు కావలసింది ‘ఫుల్ నేమ్’. ఇంకో కంప్యూటర్‌నుంచి మీ ఫోల్డర్లు తెరిచే అలవాటు ఉంటే ‘యూజర్ నేమ్’ మార్చాక అక్కడ దాచిన పాస్‌వర్డులు మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది. ఇవన్నీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉంటేనే జరుగుతాయి.

పూర్తి పేరు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం. అలాంటి ఊళ్ళో ఉంటూ మన పేరు మన లిపిలో ఉండాలనుకోవడం న్యాయమే. అయితే మీ ఎన్‌వీడీఏ గొంతు తెలుగు అక్షరాలు ఎలా పలుకుతుందో ముందు నోట్‌ప్యాడ్‌లో రాసి వినండి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతులో తెలుగు ఉంది. ఫోల్డర్‌కూ, ఖాతా పేరుకూ మాత్రం ఇంగ్లీషు అక్షరాలే క్షేమం, తెలుగు అక్షరాలుంటే కొన్ని ప్రోగ్రాములు తడబడతాయి.

ఇంగ్లీషులో రాసిన తెలుగు పేరును ఇంగ్లీషు గొంతు వంకరగా పలుకుతుంది. అది ఇంగ్లీషు ఉచ్చారణ నియమాలతో చదువుతుంది మరి. అప్పుడు చెవికి బాగుండాలని పేరు స్పెల్లింగే మార్చేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పేరు సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి, దిద్దాల్సింది గొంతును. ఎన్‌వీడీఏ మెనూలో ‘ప్రిఫరెన్సెస్’, దానిలో ‘స్పీచ్ డిక్షనరీస్’ ఉంది. ఏ మాట వస్తే ఎలా పలకాలో అందులో రాసిపెట్టవచ్చు. ఎన్‌వీడీఏ 2006లో చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ మొదలుపెట్టి, తనలాగే చూపులేని జేమ్స్ టేతో కలిసి పెంచిన సాఫ్ట్‌వేర్. ఇలాంటి చిన్న అవసరాలు వారికి సొంత అనుభవంలోనివి.

చివరికి ఫోల్డర్. దాని పేరు నేరుగా మార్చొద్దు. ప్రోగ్రాములు, రిజిస్ట్రీ, షార్ట్‌కట్లు ఆ పాత దారినే వెతుకుతాయి. లాగిన్ అయితే ఖాళీ డెస్క్‌టాప్ ఎదురయ్యే ప్రమాదం ఉంది. సరైన పద్ధతి మీ పేరుతో కొత్త లోకల్ ఖాతా తెరవడం, ఫైళ్ళు అందులోకి తెచ్చుకోవడం. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో తెరిస్తే ఫోల్డర్‌కు ఆ ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలే పడతాయి. అందుకే లోకల్ అంటున్నాను. కంప్యూటర్‌లో ఇప్పుడున్నవేవీ అక్కర్లేదనుకుంటే అన్నయ్య ఖాతా తీసేయించి, విండోస్‌ను మొత్తంగా రీసెట్ చేయడం ఇంకా శుభ్రం.

కొత్త ఖాతాలోకి వెళ్ళగానే ఎన్‌వీడీఏ అపరిచితంగా మాట్లాడుతుంది. మీ గొంతు, వేగం, డిక్షనరీ, యాడాన్లు పాత ఖాతా ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి కాబట్టి. అందుకని ముందే పాత ఖాతాలో ఎన్‌వీడీఏ మెనూ ‘టూల్స్’లో పోర్టబుల్ కాపీ చేసుకోండి. ‘కాపీ కరెంట్ యూజర్ కాన్ఫిగరేషన్’ టిక్ చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త ఖాతాలో దాన్ని నడిపి, దాని మెనూనుంచే ఇన్‌స్టాల్ చేస్తూ సెట్టింగులు ఈ ఖాతాకు తెచ్చే గడిని టిక్ చేయండి. ఆ తరువాత ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో ‘జనరల్’ పేజీలో, సేవ్ చేసిన సెట్టింగులను లాగిన్ తెర మీద కూడా వాడమనే బటన్ నొక్కండి. అప్పుడు లాగిన్ తెర మీద కూడా మీ గొంతే, మీ డిక్షనరీ చెప్పిన ఉచ్చారణే వినిపిస్తాయి.