క్యాన్సర్ నయమైన పిల్లల పళ్ళు - జాగ్రత్తలు

బిడ్డకు క్యాన్సర్ నయమైందని వైద్యులు చెప్పిన రోజు ఇంటిల్లిపాదికీ పండుగే. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఎముక మూలుగ మార్పిడి 1986లోనే మొదలైంది కనుక తొరపాడి, గుడియాత్తం కుటుంబాలకు ఇలాంటి చికిత్సల పేర్లు కొత్త కాదు. అయితే చికిత్స ముగిసిన కొన్నేళ్ళకు ఆ పిల్లల నోట్లో బయటపడే ఇబ్బందుల గురించి చాలామందికి తెలియదు.

కారణం ఏమిటి?

శాశ్వత దంతాలు ఆరేళ్ళ వయసులో కనిపించినా, దవడ లోపల వాటి తయారీ పుట్టిన నాటి నుంచే సాగుతుంది. కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతో పాటు పళ్ళను తయారుచేసే కణాలనూ దెబ్బతీస్తాయి. అందుకే ఐదారేళ్ళ లోపు చికిత్స పొందిన పిల్లల్లో కొన్ని పళ్ళు అసలు రాకపోవచ్చు. వచ్చినవి చిన్నవిగా, పొట్టి వేళ్ళతో, బలహీనమైన ఎనామెల్‌తో ఉండవచ్చు. తలకు, మెడకు రేడియేషన్ ఇచ్చి ఉంటే లాలాజలం తగ్గి పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి. ఇది తల్లిదండ్రుల అశ్రద్ధ వల్ల వచ్చినది కాదు.

పన్ను తీయించే ముందు

రేడియేషన్ తగిలిన దవడలో పన్ను తీస్తే గాయం మానకపోవచ్చు, ఎముక కూడా చెడిపోవచ్చు. పొట్టి వేళ్ళున్న పళ్ళకు తీగలు కట్టించినా కదిలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆసుపత్రి ఫైలును పెళ్ళీడు వచ్చినా పారేయకండి. దంతవైద్యుని దగ్గరకు వెళ్ళిన ప్రతిసారీ చూపించండి. తీగలు కట్టించే ముందు దవడ మొత్తానికి ఎక్స్‌రే తీయించండి. నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి పరీక్ష చేయించండి.

ఇంట్లో ఏం చేయాలి?

ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో పళ్ళకు అంటుకునే తీపి పదార్థాలు, గట్టి వస్తువులను పళ్ళతో కొరకడం మానమన్నారు. ఈ పిల్లలకు అది మరీ అవసరం. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో మెత్తని బ్రష్ వాడించండి. మిస్వాక్ అలవాటుంటే నానబెట్టి మెత్తబడ్డాకే ఇవ్వండి. అది పేస్టుకు బదులు కాదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే ఆపి వైద్యునికి చూపండి. బొగ్గు, ఉప్పు, పొగాకు కలిసిన గరుకు పళ్ళపొడులు వద్దు. నోరు ఎండిపోతుంటే మాటిమాటికీ మంచినీళ్ళు తాగించండి.

చికిత్స ఇంకా నడుస్తున్న పిల్లలకు మాత్రం క్యాన్సర్ వైద్యుని అడగకుండా మాజూన్, సనూన్ వంటి యునానీ మందులేవీ ఇవ్వకండి.