కారు అద్దాన్ని పట్టి ఉంచే జిగురు

కారు ముందు అద్దం పగిలితే దానిని ఇంటివద్దనే మార్చుకోవచ్చునా? పాత అంబాసిడర్ కార్లలో ఇది అంత కష్టమైన పని కాదు. అద్దం చుట్టూ రబ్బరు పట్టీ ఉండేది. ఆ పట్టీ గాడిలో తాడు చుట్టి, ఒకరు బయటనుండి అద్దాన్ని అదిమిపట్టగా, మరొకరు లోపలనుండి తాడు లాగితే రబ్బరు అంచు చట్రంపైకి ఎక్కి కూర్చునేది. నేటి కార్లలో ఆ పట్టీకి బదులు జిగురు వచ్చినది. దానితో పని స్వభావమే మారినది.

ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాజు పగిలినా పెంకులు ఆ పొరనే అంటిపెట్టుకొని ఉంటాయి. 1903లో ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడినా ముక్కలుగా చెదరలేదట. లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొరయే అందుకు కారణం. ఇట్టి గాజుకు ఆయన 1909లో పేటెంటు పొందాడు.

గాలివానలను ఆపటమే ఈ అద్దం పని కాదు. కారు బోల్తాపడినప్పుడు పైకప్పు కుంగకుండా అది తోడ్పడుతుంది. అనేక కార్లలో ముందు సీటు ప్రయాణికుని ఎయిర్‌బ్యాగు ఉబ్బినప్పుడు ఈ అద్దాన్నే ఆనుకొని నిలుస్తుంది. అద్దం ఊడితే ఆ ఆసరా పోతుంది. అంటే ప్రాణరక్షణ జిగురు మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

తుమ్మజిగురు తనలోని నీటిని కోల్పోయి గట్టిపడుతుంది. కారు అద్దానికి వాడే పాలియురిథేన్ జిగురు ఇందుకు విరుద్ధం: అది నీటిని గ్రహించి గట్టిపడుతుంది. దానిలోని ఐసోసయనేట్ సమూహాలు గాలిలోని నీటి ఆవిరితో చర్య జరిపి, పొడవైన అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. ఈ చర్య పైనుండి లోపలికి నెమ్మదిగా సాగుతుంది. పైపొర వేలికి అంటనంత మాత్రాన లోపల గట్టిపడినట్లు కాదు. చలిలోను, పొడిగాలిలోను మరింత ఆలస్యమవుతుంది.

ఇక పని క్రమం. సన్నని ఉక్కు తీగతో పాత జిగురును కోసి అద్దాన్ని తీస్తారు. చట్రంపై ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన పాత పొరను ఉంచి తక్కినది చెక్కివేస్తారు. కొత్త జిగురు దానికి బాగా అతుకుతుంది. లోహం బయటపడినచోట ప్రైమరు పూయవలెను. లేనిచో తుప్పు పట్టి జిగురు లేచిపోతుంది. అద్దం అంచున ఉన్న నల్లని పట్టీ అలంకారం కాదు; ఎండలోని అతినీలలోహిత కిరణాల నుండి జిగురును కాపాడేది అదే. చేతులకు తొడుగులు, చక్కని గాలి అవసరం. వెనిగరు వాసన వచ్చే సిలికోను వాడరాదు. దానినుండి వెలువడే ఎసిటిక్ ఆమ్లం లోహాన్ని తినివేస్తుంది.

అద్దం అతికించిన పిదప తలుపులను దబాలున మూయరాదు. లోపలి గాలి పీడనం పెరిగి అద్దాన్ని నెట్టివేస్తుంది. అందుకే కిటికీని కొద్దిగా తెరిచి ఉంచుతారు. అద్దం వెనుక కెమెరా ఉన్న కార్లలో దానిని తిరిగి సరిచేయించవలెను. అది ఇంటివద్ద అయ్యే పని కాదు.

జిగురు తయారీదారు చెప్పిన వ్యవధి ముగియకుండా కారు కదపరాదు. కొత్త అద్దం గుండా మరునాటి వానకు చుక్క నీరు కారకపోవచ్చును. నీరు కారకపోవటం వేరు, ప్రమాదంలో నిలబడటం వేరు.