కోల్‌కతాకు చిప్ కేంద్రం సరే.. మరి సైన్యం నమ్మే చిప్ ఎక్కడి నుంచి వస్తుంది?

2024 సెప్టెంబర్ 21న అమెరికాలోని విల్మింగ్టన్‌లో మోదీ, బైడెన్ భేటీ తర్వాత వచ్చిన సంయుక్త ప్రకటనలో చిప్‌లకు సంబంధించి రెండు అంశాలున్నాయి. ఒకటి, కోల్‌కతాలో గ్లోబల్‌ఫౌండ్రీస్ సంస్థ పవర్ సెంటర్. రెండోది, దేశ భద్రతా అవసరాలకు ఇన్‌ఫ్రారెడ్, గాలియం నైట్రైడ్, సిలికాన్ కార్బైడ్ చిప్‌లు తయారుచేసే ఫ్యాబ్. ఈ రెండింటినీ ఒకటే అనుకున్నవారు చాలామంది. కోల్‌కతాలోది పరిశోధన, అభివృద్ధి కేంద్రం. వాహనాలు, డేటా సెంటర్ల వంటి పౌర అవసరాలే దాని లక్ష్యం. రక్షణ చిప్‌ల ఫ్యాబ్‌లో భాగస్వాములు భారత్ సెమీ, థర్డ్‌ఐటెక్, అమెరికా స్పేస్ ఫోర్స్.

రక్షణ చిప్‌కు ఏం కావాలి?

మొదటిది నమ్మకం. డిజైన్ ఒక దేశంలో, తయారీ మరో దేశంలో, ప్యాకేజింగ్ ఇంకో చోట జరిగితే మధ్యలో ఎవరైనా రహస్య సర్క్యూట్ చొప్పించే వీలుంటుంది. తర్వాత దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

రెండోది రేడియేషన్‌ను తట్టుకోవడం. అంతరిక్షంలో ఒక్క కణం తగిలినా మెమరీలోని 0 కాస్తా 1 అయిపోవచ్చు. ఒక్కోసారి చిప్ కాలిపోనూవచ్చు. అందుకే ట్రాన్సిస్టర్ల కింద ఇన్సులేటర్ పొర వేస్తారు. లేదా ఒకే సర్క్యూట్‌ను మూడుసార్లు పెట్టి, రెండు చెప్పిన జవాబునే తీసుకుంటారు.

సర్కారు సాయం ఎందుకు?

సైన్యం కొనే చిప్‌ల సంఖ్య తక్కువ. ఫోన్ల మార్కెట్‌తో పోలిస్తే లెక్కలోకే రాదు. లాభం లేని పనికి ప్రైవేటు కంపెనీలు ముందుకు రావు. అందుకే రేడియేషన్‌ను తట్టుకునే 90 నానోమీటర్ చిప్‌ల కోసం స్కైవాటర్ సంస్థకు 17 కోట్ల డాలర్ల వరకు ఇస్తామని 2019లో అమెరికా రక్షణ శాఖ ప్రకటించింది. 2023లో గ్లోబల్‌ఫౌండ్రీస్‌తో 310 కోట్ల డాలర్ల విలువైన పదేళ్ల ఒప్పందం చేసుకుంది. కోల్‌కతాకు వచ్చినదీ ఈ కంపెనీయే.

మన దగ్గర ఏముంది?

మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో 180 నానోమీటర్ టెక్నాలజీతో విక్రమ్ 3201 ప్రాసెసర్ తయారైంది. ఇది ఇస్రో రాకెట్ల కోసం రూపొందించినది. హైదరాబాద్‌లో డీఆర్‌డీవోకు చెందిన గేటెక్ రాడార్లకు గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు చేస్తోంది. 180 నానోమీటర్లంటే పాతదే. అయినా ఇక్కడ వేగం కంటే ఓర్పు ముఖ్యం.

2021లో కేంద్రం సెమీకండక్టర్ల కోసం రూ.76,000 కోట్ల పథకం ప్రకటించింది. అందులో పెద్ద ఫ్యాబ్‌లే వార్తల్లోకి వస్తున్నాయి. కోల్‌కతా లాంటి కేంద్రాల్లో మన ఇంజినీర్లు నైపుణ్యం సంపాదిస్తారు, అది మంచిదే. కానీ డిజైన్ నుంచి పరీక్షల దాకా ప్రతి దశా మన కళ్ల ముందు జరగనంత వరకు ‘నమ్మకమైన చిప్’ అన్న మాటకు అర్థం ఉండదు. ఆ ఖర్చు లాభంగా తిరిగిరాదు. క్షిపణిలోనో ఉపగ్రహంలోనో చిప్ మొరాయించనప్పుడే దాని విలువ తెలుస్తుంది.